మౌస్‌తో తాబేలు పెంపకం!

నల్లమల అంచున ఉన్న మార్కాపురం, గిద్దలూరు పిల్లలకు సముద్రం దూరమే. కంప్యూటర్‌లో మాత్రం సముద్ర తాబేలునే పెంచేయొచ్చు! 2002లో వచ్చిన 'జూ టైకూన్: మెరైన్ మేనియా' ఆటలో తొట్టి కట్టాలి, మేత వేయాలి, నీళ్లు మురికి కాకుండా చూసుకోవాలి.

మరి నిజం తాబేలు సంగతో? ఏటా మన కోస్తా తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లే రాత్రివేళ ఇసుక తవ్వి, వందదాకా గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. సుమారు 50 రోజులకు పిల్లలు వాటంతటవే సముద్రం దారి పడతాయి. మేత వేసేవాళ్లు అక్కర్లేదు. శుభ్రమైన నీళ్లు మాత్రం కావాలి.

నల్లమలలో పుట్టి, కంభం చెరువును నింపే గుండ్లకమ్మ చివరికి కలిసేది బంగాళాఖాతంలోనే. వాగులో మనం పడేసిన ప్లాస్టిక్ సంచి వరదకు అక్కడిదాకా వెళితే, జెల్లీఫిష్ అనుకుని తాబేలు మింగేస్తుంది. ఆటైతే మళ్లీ మొదలుపెట్టొచ్చు... సముద్రంలో ఆ వీల్లేదు!