గిటారుకు గుండీ ఎక్కడ?

చెవిటికల్లు, నందిగామ, జగ్గయ్యపేట వైపు చర్చిల్లో పాటలకు గిటారు వాయిస్తారు. మీరు చూసే ఉంటారు. బుర్రకథలో తంబురా భుజాన ఉంటుంది. 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ గారు అలాగే నిలబడి కథ చెప్పేవారు. గిటారు నిలబడి వాయించాలంటే మాత్రం పట్టీ కావాలి. పట్టీ తగిలించే బొడిపెను గుండీ అంటారు.

గిటారు లోపల బోలు. అందుకే బాగా మోగుతుంది. కానీ దాని పక్క చెక్క చాలా పల్చన. 2, 3 మిల్లీమీటర్లే ఉంటుంది. అక్కడ స్క్రూ బిగిస్తే పట్టు ఉండదు. గుండీ ఊడుతుంది. గిటారు కిందపడి పగులుతుంది. నెలల తరబడి దాచిన డబ్బు ఒక్క నిమిషంలో పోతుంది.

మరి ఎక్కడ బిగించాలి? లోపల చెక్క దిమ్మ ఉన్న చోట. కుండ కొనేటప్పుడు తట్టి చూస్తాం కదా! గిటారునూ అలాగే తట్టాలి. ఖంగుమని మోగితే అక్కడ బోలు. మొద్దుగా పలికితే అక్కడ దిమ్మ. గిటారు అడుగున, సరిగ్గా మధ్యలో ఒక దిమ్మ ఉంటుంది. మెడ వచ్చి కలిసే చోట ఇంకొకటి ఉంటుంది. రెండు గుండీలకూ ఇవే చోట్లు.

గుండీ తల పట్టీ కన్నం కన్నా కాస్త పెద్దదిగా ఉండాలి. అప్పుడే పట్టీ జారదు. ముందు స్క్రూ కన్నా సన్నని చిల్లు వేయాలి. స్క్రూకు సబ్బు రాయాలి. గుండీ కింద తోలు ముక్క పెట్టాలి. మెల్లగా బిగించాలి.

చిల్లు వేయడం ఇష్టం లేదా? పట్టీ రెండో కొసను తాడుతో మెడ చివర, తీగల కిందుగా కట్టుకోవచ్చు.

పిల్లలు గిటారును వడ్రంగి దగ్గరకు తీసుకుపోతుంటే, ముందు తట్టి చూడమని ధైర్యంగా చెప్పండి.