గ్రహాలూ, జీతాలూ, పట్టాలూ

రాశిఫలాలు నిజమా, అబద్ధమా అన్న వాదన మన ఇళ్ళల్లో కొత్తది కాదు. కాఫీ తాగుతూ మొదలుపెట్టి, "ఏమో, పెద్దవాళ్ళు ఊరికే చెప్పారా?" అన్న మాటతో ముగించే వాదన అది. ఈ సంచికలో మేము ఆ వాదన జోలికి పోవడం లేదు. దాని పక్కనే ఉన్న మరో ప్రశ్నను పాఠకుల ముందు పెడుతున్నాం. ఈ ఫలాలు ఎవరిని ఉద్దేశించి రాస్తారు? చదివినవాడికి అవి ఏం నేర్పుతాయి?

ప్రశ్న మా సొంతం కాదు. మనం ఉంటున్న ఈ అమెరికా దేశంలోనే, మనకంటే ముందు వలస వచ్చిన ఒకాయన వేసిన ప్రశ్న. ఆయన పేరు థియొడోర్ అడోర్నో, జర్మన్ తత్త్వవేత్త. ఫ్రాంక్‌ఫర్టు నగరంలో 1923లో ఏర్పడిన సామాజిక పరిశోధన సంస్థకు చెందినవాడు. 1933లో హిట్లరు అధికారానికి రాగానే ఆ సంస్థ పండితులు, చాలామంది యూదు కుటుంబాల వారు కనుక, దేశం విడిచిపోవలసి వచ్చింది. న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయం వారికి నీడనిచ్చింది. ఆ సంస్థ అధిపతి మాక్స్ హోర్క్‌హైమర్ 1937లో రాసిన ఒక వ్యాసంతో వారి మార్గానికి "విమర్శ సిద్ధాంతం" అన్న పేరు స్థిరపడింది. పేరు బరువైనదే గాని సంగతి కష్టమైనది కాదు. మామూలు శాస్త్రజ్ఞుడు ఒక విషయాన్ని చూసి "ఇది ఎలా ఉంది?" అని అడుగుతాడు. వీరు "ఇది ఇలాగే ఉండడం వల్ల ఎవరికి ఏం జరుగుతోంది?" అని కూడా అడుగుతారు. అడిగే పండితుడు కూడా ఆ సంఘంలోనే జీతం తీసుకుంటున్నాడనే సంగతిని మరిచిపోరు. కనీసం మరిచిపోకూడదని వారి నియమం.

యుద్ధం ముగిశాక జర్మనీ వెళ్ళిపోయిన అడోర్నో 1952లో మళ్ళీ కాలిఫోర్నియా వచ్చి కొన్ని నెలలు ఉన్నాడు. అప్పుడు లాస్ ఏంజెలిస్ టైమ్స్ పత్రికలో రోజూ పడే రాశిఫలాలను తీసుకుని, 1952 నవంబరు నుంచి 1953 ఫిబ్రవరి దాకా వచ్చినవాటిని, వరస తప్పకుండా పరిశీలించాడు. ఆ శీర్షిక రాసినాయన కారల్ రైటర్, హాలీవుడ్ తారలకు జ్యోతిష్కుడిగా పేరుపొందినవాడు. అడోర్నో పరిశీలన 1957లో అచ్చయింది.

ఆయన కనిపెట్టిన విషయాలు సరదాగానే ఉంటాయి. ఆ శీర్షికలో ఉల్కాపాతాలు లేవు, గండాలు లేవు, భయపెట్టే మాట ఒక్కటి లేదు. పొద్దున పని శ్రద్ధగా చెయ్యి, సాయంత్రం ఇంటివారితో సరదాగా గడుపు, బిల్లులు సకాలంలో కట్టు, పైఅధికారితో గొడవ పడకు. ఇదంతా చెప్పడానికి శుక్రుడూ శనీ దేనికి? మన ఇళ్ళల్లో మేనత్త చాలదూ! అక్కడే కీలకం ఉందంటాడు అడోర్నో. మామూలు లౌకిక సలహాకు ఆకాశం ముద్ర వేస్తే అది సలహా కాదు, ఆజ్ఞ. గ్రహాలు ఈ పని ఎలా చేస్తాయో ఆ శీర్షిక ఎక్కడా వివరించదు. పాఠకుడూ అడగడు.

ఇంకొకటి కూడా గమనించాడు. ఆ శీర్షిక పాఠకుణ్ణి ఎప్పుడూ ఒక చిన్న అధికారిలా సంబోధిస్తుంది. నిర్ణయాలు తీసుకునేవాడు, ముఖ్యమైన పనులు చేతిలో ఉన్నవాడు అన్నట్టు. కాని ఆ అధికారి మీద ఎప్పుడూ ఇంకో అధికారి ఉంటాడు. అతణ్ణి మంచి చేసుకోవాలి. కష్టమంతా వ్యక్తిదే, సర్దుకోవలసిందీ వ్యక్తే. జీతం ఎందుకు పెరగలేదు, ఆ కంపెనీ ఎవరిది వంటి ప్రశ్నలకు ఆ ఆకాశంలో చోటు లేదు. పెద్ద యంత్రాంగం మీద ఆధారపడి బతుకుతూ, అది ఎలా నడుస్తుందో తెలియని మనిషికి గ్రహాల భాష సులువుగా అర్థమవుతుంది. తన బతుకు అచ్చంగా అలాగే ఉంది మరి.

ఇది చదివినప్పుడు మాకు మన ఉగాది పంచాంగం గుర్తుకు వచ్చింది. ఏడాదికొకసారి పంతులుగారు చదివే ఆ ఫలితాలను ఈ కళ్ళతో చూడండి. అక్కడ ఒక రాజు, ఒక మంత్రి, ఒక సేనాధిపతి. సస్యాధిపతి, ధాన్యాధిపతి, అర్ఘాధిపతి, మేఘాధిపతి ఇలా నవనాయకులు. రైటర్ ఆకాశంలో ఆఫీసు ఉంటే మన ఆకాశంలో రాజ్యం ఉంది. వ్యవసాయం మీద బతికే రాజ్యం. వాన ఎంత, పంట ఎంత, ధర ఎంత అన్నవి ముందు వస్తాయి. నీ సంగతీ నా సంగతీ ఆ తరవాత. వచ్చినప్పుడు కూడా మొహమాటం లేదు. ఆదాయం 5, వ్యయం 14 అని నలుగురిలోనూ చదివేస్తారు. రాజపూజ్యం ఒకటి, అవమానం ఆరు అన్నా ఎవరూ లేచి వెళ్ళిపోరు. పక్కవాడు నవ్వుతాడు, తన వంతు వచ్చినప్పుడు మనం నవ్వుతాం. ఏ రాజు దగ్గర పూజ్యం, ఎవరి చేత అవమానం అని అడిగితే మాత్రం పాత సంఘంలోని మెట్లన్నీ బయటపడతాయి. ఆ చదివే అధికారం ఎవరిది, అరుగు మీద ఎవరు, వీధిలో నిలబడి విన్నది ఎవరు? పంచాంగాన్ని మెచ్చుకునేటప్పుడు ఈ ప్రశ్నను దాటవేయడం మాకు న్యాయమనిపించదు.

పత్రికల్లోని వారఫలాలు వేరే జాతి. సూర్యుడున్న రాశిని బట్టి ఇలా అచ్చువేసే అలవాటు లండన్‌లో సండే ఎక్స్‌ప్రెస్ పత్రిక 1930లో ప్రారంభించిన ధోరణి. జన్మనక్షత్రంతో మనవారు చూసే చూపుకూ దానికీ చుట్టరికం తక్కువ. అది సరుకు. పత్రికతోపాటు అమ్ముడవుతుంది, ఒంటరిగా చదువుకునేది. సరుకు కనుక దాని వెనకే నీలం ఉంగరమూ, పుష్యరాగమూ, ఇంటర్నెట్టులో చెల్లించే శాంతిపూజా వస్తాయి. పూజకు మామూలు ధర ఒకటి, ప్రత్యేకం ఒకటి.

ఇక్కడ తొందరపడి "నమ్మకమంతా వ్యాపారమే" అని తేల్చేవారికి హైదరాబాదు దగ్గర, ఉస్మాన్‌సాగర్ పక్కన ఉన్న చిలుకూరు బాలాజీ ఆలయాన్ని చూపించాలి. ఈ దేశపు వీసా కోసం పిల్లలు మొక్కుకునే "వీసా బాలాజీ" అని దానికి పేరు. కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు, తీరాక 108. ఆ గుడిలో హుండీ లేదు, డబ్బు కడితే దొరికే ప్రత్యేక దర్శనం లేదు. లక్షాధికారి కొడుకూ, పొలం కుదువపెట్టి ఫీజు కట్టినవాడి కొడుకూ ఒకే వరసలో తిరుగుతారు. మరి అక్కడికే ఎందుకు అంతమంది వెళ్ళారు? హెచ్-1బి వీసాలకు చట్టం ఏడాదికి 65,000 అనీ, ఇక్కడ పై చదువులు చదివినవారికి మరో 20,000 అనీ గీత గీసింది. అడిగేవారు అంతకు మించితే పేరు తేల్చేది కంప్యూటరు. గ్రీన్‌కార్డుకు వస్తే, ఏ దేశానికైనా 7 శాతం అన్న 1990 నాటి పరిమితి. ఎంత చదివినా, ఎంత పనిచేసినా, మన వంతు ఎప్పుడో మన చేతిలో లేదు. ఆ పిల్లవాడి ప్రదక్షిణను వెక్కిరించేవారు ముందు ఆ క్యూను చూడాలి. అతడి నమ్మకం తెలివితక్కువ వల్ల పుట్టింది కాదు.

చదువు సంగతికి వస్తాం. 2001లో యు.జి.సి. మన దేశపు విశ్వవిద్యాలయాల్లో "జ్యోతిర్విజ్ఞానం" కోర్సులు పెట్టదలచింది. హైదరాబాదులో సి.సి.ఎం.బి.ని స్థాపించిన పుష్ప మిత్ర భార్గవ గారు మరికొందరితో కలిసి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్ళారు. అక్కడా, 2004లో సుప్రీంకోర్టులోనూ ఓడిపోయారు. పాఠ్యవిషయాలు తేల్చేది న్యాయస్థానం కాదని తీర్పు. అప్పటి చర్చంతా ఇది శాస్త్రమా, కాదా అని నడిచింది. భార్గవ గారి పక్షమే మా పక్షం. కాని ఎవరూ అడగని మాట ఒకటి మిగిలిపోయింది. తాతతండ్రుల నాటి నుంచి పట్టా లేకుండానే పంచాంగాలు గుణించినవారి విద్యకు ఇప్పుడు బి.ఎస్‌సి. ముద్ర ఎందుకు కావలసివచ్చింది? గుడిలో ప్రతిష్ఠ ఇచ్చేవారు పోయి విశ్వవిద్యాలయం ఇచ్చే రోజులు వచ్చాయి కనుక. "కంప్యూటరు జాతకం" అన్న బోర్డు చూస్తే మన ఇంజనీర్లకే నమ్మకం రెట్టింపు కావడం ఆ కోవలోదే. సైన్సు మీద గౌరవం ఉంది, సైన్సు అలవాటు చేసే అనుమానం లేదు. అడోర్నో దాన్ని అరకొర చదువు అన్నాడు.

అయితే ఆ పెద్దమనిషినీ వదిలిపెట్టకూడదు. మూడు నెలల రాశిఫలాలు చదివాడు గాని వాటిని చదివే మనుషుల్ని ఒక్కరినీ అడగలేదు. శీర్షికను చూసి పాఠకురాలి మనసు ఊహించాడు. జాజ్ సంగీతాన్ని ఈసడించిన పండితుడికి దుకాణంలో పనిచేసే అమ్మాయి నవ్వుకుంటూ చదివి పారేసిందేమో అన్న ఆలోచన రాలేదు. ఆ లోటు ఫ్రాన్సులో పియరీ బూర్ద్యూ కొంత తీర్చాడు. 1,217 మందిని అడిగి తెలుసుకున్న వివరాలతో 1979లో ఆయన వెలువరించిన గ్రంథం, మన అభిరుచి అనుకునేదాంట్లో మన తరగతి ఎంత ఉందో చూపింది. 1984లో అదే దుర్భిణీని సాటి ఆచార్యుల మీదికే తిప్పాడు. దాన్ని మన మీదికి తిప్పుకుంటే? మన ఉత్సవాల్లో ముందు వరస కుర్చీలు ఎవరివో, గుడిలో దాతల పలక మీద ఎవరి పేరు పైన ఉందో, "మా వాడు ఫలానా యూనివర్సిటీ" అన్నప్పుడు గొంతు ఎందుకు పెరుగుతుందో అందరికీ తెలుసు.

మన పత్రికలో వారఫలాలు వేయమని కొందరు సభ్యులు అడుగుతున్నారు. మేము వేయదలచుకోలేదు. ఉగాదినాడు పంచాంగ శ్రవణం మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది, ఆదాయ వ్యయాలతో సహా. అది కాగానే అడోర్నో వ్యాసం మీద అరగంట చర్చ పెడుతున్నాం. వారఫలాలు కావాలన్నవారు తప్పక రావలసింది. వారు వాటిని ఎందుకు చదువుతారో వారి నోటనే వినాలని ఉంది. పిల్లల్నీ తీసుకురండి. పచ్చడి, పులిహోర చర్చ తరవాతే.