మ్యాప్‌లో మాయమైనా.. మన లెక్కలో ఉండాలి!

వెతికి పట్టుకున్న జియోక్యాష్‌లు కొన్నాళ్లకు మ్యాప్ మీద కనిపించకుండా పోతాయి. వాటిని తిరిగి మ్యాప్ ఎక్కించే పని చిన్నదే. కానీ ఇంటర్వ్యూలో ధైర్యంగా చెప్పుకోదగ్గ ప్రాజెక్టు అవుతుంది.

‘ఈ ప్రాజెక్టుకు డేటా ఎక్కడి నుంచి తెచ్చావు?’

నా మొదటి ఇంటర్వ్యూలో అడిగిన రెండో ప్రశ్న ఇది. నోరు పెగల్లేదు. ఎందుకంటే ఆ ఫైనలియర్ ప్రాజెక్టు మేం చేసింది కాదు. నలుగురం తలా కొంత వేసుకుని కొనుక్కున్నది. కోడ్ రన్ అయ్యేది, అంతే. ఏ కాలమ్ ఎందుకుందో మాలో ఒక్కరికీ తెలియదు. ఉద్యోగం రాలేదు.

తర్వాత సొంతంగా చేసిన మొదటి ప్రాజెక్టు ఒక ఆటలోంచి పుట్టింది. దాని పేరు జియోక్యాషింగ్.

ఆట ఎలా పుట్టిందంటే..

2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని కలిపే పొరపాటును ఆపేసింది. అప్పటిదాకా సామాన్యుల రిసీవర్లు వంద మీటర్ల వరకు తేడా చూపించేవి. ఆ తేడా ఒక్కసారిగా బాగా తగ్గింది. మే 3న డేవ్ అల్మర్ అనే ఆయన ఒరెగాన్ రాష్ట్రంలో ఒక డబ్బా దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెట్టారు. వెతికి పట్టుకున్నవాళ్లు అందులోని పుస్తకంలో పేరు రాసి, మళ్లీ అక్కడే పెట్టేయాలి. ఇదే ఆట. ఆ డబ్బానే జియోక్యాష్. అదే ఏడాది సెప్టెంబరులో జియోక్యాషింగ్ డాట్ కామ్ మొదలైంది.

ఉద్యోగం వెతుక్కుంటూ గూడూరు నుంచి బెంగళూరు వెళ్లిన కొత్తలో ఆదివారాలు నాకిదే కాలక్షేపం. ఓసారి ఫ్రెండ్‌కు చూపిద్దామని మ్యాప్ తెరిస్తే, నేను పట్టుకున్నవాటిలో కొన్ని అసలు లేవు. ‘ఎక్కడికి పోయాయిరా?’ అన్నాడు వాడు.

చెరిపేయలేదు, పక్కన పెట్టారు

డబ్బా పోయినా, ఆ చోట కట్టడం లేచినా, పెట్టినవాళ్లు చూసుకోలేకపోయినా ఆ జియోక్యాష్‌ను ‘ఆర్కైవ్’ చేస్తారు. అప్పటి నుంచి మామూలు మ్యాప్‌లో కనిపించదు. కొత్తగా వెతికేవాళ్లు లేని డబ్బా కోసం తిరక్కూడదు కదా! కానీ రికార్డు పోదు. దాని కోడ్‌తో వెతికితే పేజీ తెరుచుకుంటుంది. మీరు పట్టుకున్న లెక్కలోనూ అది ఉంటుంది.

సాఫ్ట్‌వేర్‌లో దీన్నే ‘సాఫ్ట్ డిలీట్’ అంటారు. వరుసను డేటాబేస్‌లోంచి తీసేయకుండా, ‘ఇది ఇప్పుడు వాడకంలో లేదు’ అని ఒక కాలమ్‌లో గుర్తు పెడతారు. ఫ్రెషర్ల ఇంటర్వ్యూల్లో అడగదగ్గ ప్రశ్న ఇది. నిర్వచనం బట్టీ పట్టినవాళ్ల కంటే, తన డబ్బా మాయమై వెతుక్కున్నవాడే దీన్ని బాగా చెప్పగలడు.

నాలుగు మెట్లలో..

1. డేటా తెచ్చుకోండి: ప్రీమియం సభ్యులకు ‘పాకెట్ క్వెరీ’ల పేజీలో ‘మై ఫైండ్స్’ అని ఉంటుంది. మూడు రోజులకు ఒకసారి నడపొచ్చు. ఆర్కైవ్ అయినవాటితో సహా మీరు పట్టుకున్నవన్నీ జీపీఎక్స్ ఫైల్‌గా వస్తాయి. సభ్యత్వానికి డబ్బు పెట్టక్కర్లేదు. పదీ ఇరవై ఉంటే ఒక్కో పేజీ తెరిచి కోడ్, పేరు, తేదీ, స్థానం, స్థితి ఎక్సెల్‌లో రాసుకోండి. చేత్తో ఎక్కించిన డేటా మరీ బాగా గుర్తుంటుంది.

2. ఫైల్ లోపల చూడండి: జీపీఎక్స్ అంటే భయపడొద్దు. నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునే ఎక్స్ఎంఎల్ ఫైలే. ఒక్కో జియోక్యాష్‌కు ఒక్కో వేపాయింట్ ఉంటుంది. అందులో స్థానం, జీసీతో మొదలయ్యే కోడ్, ‘ఆర్కైవ్డ్’ అనే గుర్తు ఉంటాయి. ఆ గుర్తు ‘ట్రూ’ అని ఉంటే మ్యాప్‌లో మాయమైనది అదే.

3. పట్టికగా మార్చండి: కొన్ని మ్యాప్ సాధనాలు ఈ ‘ఆర్కైవ్డ్’ గుర్తును చదవకుండా వదిలేయొచ్చు. అందుకే పైథాన్‌లోని ఎలిమెంట్‌ట్రీతో కావాల్సినవి తీసుకుని సీఎస్‌వీ చేసుకోవడం మేలు. ఇక్కడ నేను రెండు రోజులు ఆగిపోయా. కోడ్ సరిగానే ఉంది, ఫలితం మాత్రం ఖాళీ. ఎక్స్ఎంఎల్ నేమ్‌స్పేస్ ఇవ్వకపోవడమే తప్పు.

4. మ్యాప్ మీద పెట్టండి: కోడింగ్ రాకపోతే గూగుల్ మై మ్యాప్స్‌లో సీఎస్‌వీ ఎక్కించి, ‘స్థితి’ కాలమ్‌ను బట్టి రంగులు మార్చండి. కోడింగ్ వస్తే పైథాన్‌లో ఫోలియం ఉంది. జీఐఎస్ వైపు వెళ్లాలనుకుంటే ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ నేర్చుకోండి. ఉన్నవాటికి ఆకుపచ్చ, ఆర్కైవ్ అయినవాటికి బూడిద రంగు పెడితే తేడా చూడగానే తెలిసిపోతుంది.

గూడూరు ఉత్తర ధ్రువం దాకా పోతే!

అందరూ చేసే తప్పులు రెండున్నాయి. గూడూరు సుమారుగా 14.15 ఉత్తర అక్షాంశం, 79.85 తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. ఈ రెండూ తారుమారైతే మన ఊరు నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో, మంచుకొండల మధ్య తేలుతుంది. ఫోలియం అక్షాంశం ముందు అడుగుతుంది, జియోజేసన్‌లో రేఖాంశం ముందు ఉంటుంది. చిక్కంతా అక్కడే.

రెండోది మరీ మోసం చేస్తుంది. జియోక్యాష్ పేజీల్లో స్థానాన్ని డిగ్రీలు, నిమిషాల్లో రాస్తారు. 14 డిగ్రీల 9 నిమిషాలు అంటే 14.15, ఎందుకంటే డిగ్రీకి 60 నిమిషాలు. దాన్ని 14.09 అని రాశారో, చుక్క ఆరున్నర కిలోమీటర్లకు పైగా దక్షిణానికి జరుగుతుంది. మొదటి తప్పు చూడగానే దొరికిపోతుంది. రెండోది దొరకదు. తెలిసిన చోటుతో సరిచూసుకుంటేనే బయటపడుతుంది. నేనైతే గూడూరు జంక్షన్ ప్లాట్‌ఫాం మీద చుక్క పడిందా లేదా అని చూసుకుంటా.

జియోక్యాష్‌లు లేకపోతే?

‘మా ఊళ్లో ఈ డబ్బాలు ఎక్కడున్నాయన్నా?’ అని అడుగుతారు. అక్కర్లేదు. మన ఊళ్లో ‘ఆర్కైవ్’ అయినవి బోలెడున్నాయి. గూడూరు చుట్టుపక్కల, సైదాపురం వైపు ఒకప్పుడు అభ్రకం గనులు జోరుగా నడిచాయి. వాటిలో మూతపడినవి ఎన్నో. మూతపడిన సినిమా హాళ్లు, పూడ్చేసిన బావులు ఏ ఊళ్లో లేవు? అంతెందుకు, 2022 ఏప్రిల్ 4న గూడూరు నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అంతకుముందు తీసుకున్న సర్టిఫికెట్లలో నెల్లూరు జిల్లా అనే ఉంటుంది. అది తప్పు కాదు, ఆ తేదీకి అదే నిజం. డేటాలో ‘ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు’ అనే కాలమ్‌లు ఎందుకుండాలో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు.

అలాంటి ఇరవై చోట్లు ఎంచుకోండి. పేరు, స్థానం, అప్పుడు ఏముండేది, ఇప్పుడేముంది, ఎవరిని అడిగి తెలుసుకున్నారు, ఎప్పుడు చూశారు.. ఈ ఆరు కాలమ్‌లు చాలు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోనూ మూతపడినవాటికి వేరే ట్యాగులున్నాయి. అవి ఎలా రాస్తారో చూసి నేర్చుకోండి. ఒక్క జాగ్రత్త. పాత గని గుంతల్లోకి మాత్రం దిగొద్దు. రోడ్డు మీద నుంచే గుర్తించండి, మిగతాది ఉపగ్రహ చిత్రంలో చూసుకోండి.

ఈ నైపుణ్యం ఎక్కడ పనికొస్తుంది?

మన దేశ నావిక్ ఉపగ్రహాలు ఎగిరేది మన పక్కనున్న శ్రీహరికోట నుంచే. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలైంది. కేంద్రం 2021లో మ్యాపింగ్ నిబంధనలు సడలించింది, 2022లో జాతీయ జియోస్పేషియల్ విధానం తెచ్చింది. హైదరాబాద్‌లో ఇస్రోకు చెందిన ఎన్ఆర్ఎస్‌సీ ఉంది, ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. దేహ్రాదూన్‌లోని ఐఐఆర్ఎస్ ఉచిత ఆన్‌లైన్ కోర్సులు నడుపుతోంది, సర్టిఫికెట్ కూడా ఇస్తారు. సివిల్ వాళ్లే కాదు, సీఎస్ఈ, డిగ్రీ వాళ్లు కూడా చూడాల్సిన దారి ఇది. డెలివరీ, క్యాబ్ యాప్‌లు నడిచేది కూడా ఇలాంటి చుక్కల మీదే.

పెట్టే ముందు..

* మీ ఇల్లు, హాస్టల్ తెలిసేలా చుక్కలు పెట్టొద్దు. తేదీలతో సహా పెడితే మీరు ఎప్పుడు ఎక్కడ ఉంటారో అందరికీ చెప్పినట్టే.
* జీపీఎక్స్ ఫైల్ మొత్తాన్ని గిట్‌హబ్‌లో పెట్టొద్దు. అందులో వేరేవాళ్లు రాసిన వివరణలు ఉంటాయి. మీ కోడ్, ఫలితంగా వచ్చిన మ్యాప్ చిత్రం చాలు.
* సరదాకైనా రైల్వేస్టేషన్‌లో, భద్రత ఉన్న చోట డబ్బాలు పెట్టొద్దు. ఎవరిదో తెలియని డబ్బా కనిపిస్తే పోలీసులకు అనుమానం రావడం సహజం.
* చేసిన తప్పులు కూడా రీడ్‌మీలో రాయండి. ‘14.09 అని పెట్టా, ఇలా కనుక్కున్నా’ అనే ఒక్క వాక్యం చాలు, ఈ పని మీరే చేశారని నమ్మడానికి.

తర్వాతి ఇంటర్వ్యూలోనూ నన్ను అదే ప్రశ్న అడిగారు. ‘డేటా ఎక్కడిది?’ ఈసారి తడుముకోలేదు. ‘నేను తిరిగి పట్టుకున్నవే సార్. ఇందులో బూడిద రంగువి ఇప్పుడు లేవు. అవి ఎందుకు లేవో కూడా చెప్పగలను’ అన్నా. ఆ తర్వాత ఇరవై నిమిషాలు మ్యాప్ గురించే మాట్లాడుకున్నాం.

ఈ ఆదివారం ఒక నోట్‌బుక్ పట్టుకుని మీ వీధిలోకి వెళ్లండి. మొదటి చుక్క అక్కడే దొరుకుతుంది.