ఈ రోజు కోటా ఎంత మిగిలింది?



పాతబస్తీలో లాల్‌దర్వాజా, గౌలిపురా, అలియాబాద్ గల్లీల్లో ఇంటిపట్టున ఉంటూనే మగ్గం పని జాకెట్లు, లక్క గాజులు, పచ్చళ్ళు అమ్ముకుని నాలుగు డబ్బులు వెనకేసుకుంటున్న స్త్రీలు ఎందరో ఉన్నారు. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చాక, ఆ పని చేతిలో ఉన్నవారికి సొంత వెబ్‌సైట్ పెట్టుకోవాలన్న ఉత్సాహమూ కలగడం సహజం. కాని సైట్ పెట్టిన మర్నాడే, "గూగుల్‌లో వెతికితే మన గాజులు కనపడవేమండీ?" అన్న ప్రశ్న వస్తుంది.

అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం మీకు తెలిసిందే. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైంది. అంత పెద్ద గ్రంథాలయంలో ఒక పుస్తకం బీరువాలో ఉన్నా, దాని పేరు పట్టికలో ఎక్కకపోతే అడిగినవారికి దొరకదు. వెబ్‌సైట్ సంగతీ అంతే. గూగుల్, బింగ్ వంటి సెర్చ్ ఇంజన్లు మన పేజీని తమ పట్టికలో రాసుకోవాలి. దీన్నే ఇండెక్సింగ్ అంటారు. ప్రతి పేజీకీ ఇంటి నెంబరులాగా ఒక చిరునామా ఉంటుంది, అదే యు.ఆర్.ఎల్. సెర్చ్ ఇంజన్లు తమంతట తామే సైట్లన్నీ తిరిగి చూస్తాయి. అందాకా ఆగలేమనుకుంటే మనమే చిరునామా పంపవచ్చు. అందరూ పంపుతారు కనుక, రేషన్ షాపులో చక్కెరలాగా దీనికీ కోటా పెట్టారు.

ముందు బింగ్ సంగతి. ఇది మైక్రోసాఫ్ట్ వారిది. 1998 నుంచి మన ఊళ్ళో వారి కేంద్రం ఉన్నది. బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్ అనే చోట ఖాతా తెరిచి, సైట్ మీదేనని రుజువు చూపాలి. ఆ తరువాత 'యు.ఆర్.ఎల్. సబ్మిషన్' అన్న పేజీ తెరిస్తే, ఈ రోజుకు ఇంకా ఎన్ని పంపవచ్చో అంకె కనిపిస్తుంది. రోజుకు పదివేల దాకా పంపవచ్చని వారు 2019లో ప్రకటించారు. అయితే అందరికీ అంత రాదు. సైట్ మీదేనని బింగ్‌లో రుజువు చూపి కాలం గడిచినకొద్దీ, వెతికేవారికి సైట్ కనపడడం పెరిగినకొద్దీ కోటా పెరుగుతుంది. కాబట్టి పక్కింటావిడ కోటా ఎంతో మనకు అనవసరం. మన తెరమీద కనిపించేదే మన లెక్క. గ్రీన్‌విచ్ కాలమానం ప్రకారం అర్ధరాత్రికి, అంటే మనకు తెల్లవారుజామున అయిదున్నరకు కొత్త కోటా మొదలవుతుంది.

గూగుల్ పద్ధతి వేరు. సెర్చ్ కన్సోల్‌లో పేజీ చిరునామా వేసి పరీక్షించి, ఇండెక్స్ చేయమని కోరవచ్చు. దీనికీ రోజువారీ పరిమితి ఉన్నది. కాని ఎన్ని మిగిలాయో ఆ పేజీలో చూపరు. అయిపోయాక మాత్రం, ఇవాళ్టికి చాలు, రేపు రమ్మని చెబుతుంది. అందుకని ఎన్ని పంపారో మీరే పాలలెక్కలాగా క్యాలెండరు మీద గీతలు పెట్టుకోవాలి. ఒకే పేజీని పదిసార్లు పంపితే పని త్వరగా అవుతుందనుకోకండి. కోటా ఖర్చవడమే తప్ప ఫలితం ఉండదని గూగుల్ వారే చెబుతున్నారు.

బోనాలకో, పెళ్ళిళ్ళ రోజులకో కొత్త డిజైన్లు పెట్టినప్పుడు మిగిలిన కోటా చూసుకుని, ముందు వాటినే పంపండి. పాత పేజీలో ఒక అక్షరం దిద్దినందుకు కోటా వాడవద్దు. పేజీలు వందల్లో ఉంటే సైట్‌మ్యాప్ అనే జాబితా ఒకటి ఇస్తే సరిపోతుంది. ఒక్క జాబితాలో యాభైవేల చిరునామాల దాకా పడతాయి. దానికి ఈ రోజువారీ కోటాతో సంబంధం లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. "మీ సైట్‌ను వెయ్యి సెర్చ్ ఇంజన్లకు పంపిస్తాం, మొదటి పేజీలో నిలబెడతాం" అని డబ్బు అడిగేవాళ్ళు తారసపడతారు. చిరునామా పంపడానికీ, కోటా చూడడానికీ పైసా ఖర్చు లేదు. పంపినంత మాత్రాన పట్టికలో తప్పక ఎక్కుతుందని ఏ సెర్చ్ ఇంజనూ మాట ఇవ్వదు. ఎక్కడానికి కొద్ది రోజులు పట్టవచ్చు, కొన్ని వారాలూ పట్టవచ్చు. అలాంటప్పుడు మధ్యవాడు మాట ఎలా ఇస్తాడు?

అన్నిటికంటే ముఖ్యం, ఖాతా ఎవరి పేరున ఉన్నదన్నది. సైట్ తయారుచేసిన కుర్రవాడి పేరున ఉంటే, రేపు అతను ఫోను ఎత్తకపోతే మీ కోటా మీకే కనపడదు. యజమానిగా మీ పేరు ఉంచుకుని, పని చేసేవారికి వాడుకునే అనుమతి మాత్రం ఇవ్వండి. ఇంటి రేషన్ కార్డు పరాయివాళ్ళ చేతిలో పెట్టం కదా! ఇదీ అంతే.

సెలవు.