విశాఖ రేవు వెంట ఒకనాటి కాలినడక

పడవను నిలుపుటకు నీరున్న జాలును. ఓడను నిలుపుటకు నీటితోపాటు లోతును, నిలకడయు గావలెను. ఈ రెండును విశాఖపట్టణమున కెట్లు లభించెనో, వానికై తీర మేమి వెల యిచ్చుచున్నదో కన్నులార జూచి తెలిసికొనగోరి, ఆగస్టు మాసమున నొక శనివారమునాడు మేము ముప్పదిమంది విద్యార్థులతో కాలినడకను బయలుదేరితిమి.

ప్రాతఃకాలమున మొదట పాతపట్టణమందలి రాస్ కొండ నెక్కితిమి. దానిపై మరియమాత దేవాలయము గలదు. ప్రక్కనున్న రెండు కొండలలో నొకదానిపై దర్గాయు, రెండవదానిపై వేంకటేశ్వరస్వామి యాలయమును గలవు. మూడు మతములవారి మందిరములును ఒక్క రేవునే చూచుచు నిలిచియున్నవి. ఎదుట దక్షిణమున యారాడ కొండ వేయి యడుగులకు మించి లేచి సముద్రములోనికి చొచ్చుకొని పోయినది. దాని యాకారమునుబట్టి యాంగ్లేయులు డాల్ఫిన్స్ నోస్ అని పేరిడిరి. నైరుతి గాలులును, వానితో వచ్చు పెనుకెరటములును ఈ కొండచేత నడ్డగింపబడును. కొండ పాదమున సన్నని కాలువయు, దాని వెనుక గెడ్డనీరు చేరెడు చిత్తడినేలయు నుండెడివి. ఆ నేలను త్రవ్వియే లోపలి రేవును నిర్మించిరి. ప్రకృతి తలుపు నిచ్చెను. ఇల్లు మనుష్యులు కట్టుకొనిరి.

1805వ సంవత్సరమున లండను మిషనువారగు క్రాన్, డిగ్రాంజి దొరలు ఈ పట్టణమునకు వచ్చునాటికి ఈ రేవు లేదు. ఓడలు దూరమున లంగరు వేసియుండగా, జనులును సరకులును పడవలపై కెరటములను దాటి యొడ్డు చేరవలసివచ్చెడిది. ఇచ్చట వారు పూనిన సువార్తల తెలుగు అనువాదము 1812లో శ్రీరామపురమున అచ్చుపడెను. అటుపిమ్మట నూరేండ్లకు మించి గడచినవెనుక, 1933వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీన జలదుర్గ యను పొగయోడ క్రొత్త రేవున ప్రవేశించెను. డిసెంబరు 19వ తేదీన రాజప్రతినిధి విల్లింగ్డన్ ప్రభువు దానిని లాంఛనముగా తెరచిరి. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజమునకు సముద్రమార్గము చూపుటయే ఆనాటి ముఖ్యోద్దేశము. 1948వ సంవత్సరము మార్చి 14వ తేదీన, ఇచ్చటనే నిర్మితమైన జలఉష యను నోడను పండిత నెహ్రూ నీట విడిచిరి. 1976లో వెలుపలి రేవు ఏర్పడెను.

కొండ దిగి, చేపలరేవు మీదుగా కోస్టల్ బ్యాటరీ యొద్దనున్న ఇసుకతీరమును చేరితిమి. అచ్చట విద్యార్థులచేత నొక చిన్న పరీక్ష చేయించితిమి. ఒక నారింజపండును కెరటములలో విసరి, దానితోపాటు ఒడ్డున నడువుడని చెప్పితిమి. పండు ముందునకు వచ్చుచు, వెనుకకు పోవుచు, పావుగంటలో అరువది యడుగులు ఉత్తరమునకు జరిగెను.

ఇసుక నడకయు నిట్టిదే. ఈ కాలమున కెరటము తీరమునకు ఏటవాలుగా వచ్చి తగులును. ఇసుకను ఏటవాలుగనే పైకి నెట్టును. తిరిగిపోవునప్పుడు మాత్రము నీరు పల్లమునుబట్టి తిన్నగా దిగును. కావున రేణువు ప్రతి కెరటమునకును కొంచెము ఉత్తరమునకు సాగును. ఈశాన్య ఋతుపవనకాలమున కొంత వెనుకకు వచ్చినను, ఏడాది మొత్తముమీద ఉత్తరపు నడకయే మిక్కుటము. ఇట్లు నడచెడు ఇసుకకు రేవుకాలువ యొక గోయి వంటిది. అందు పడినది పైకి రాలేదు. తీయనిచో ఓడలు లోనికి రాలేవు. అందుచేతనే రేవు నిర్మాణకాలమున రెండు పాతయోడలను రాళ్లతో నింపి ముంచి అడ్డుగట్టుగా నిలిపిరి. ఇసుకను ఒకచోట పట్టి, త్రవ్వుడు ఓడలచేత ఏటేట తీయుచున్నారు.

ఇంతవరకు వినిన యొక బాలుడు, జాలరి కుటుంబమువాడు, లేచి యిట్లడిగెను: “అయ్యా, మా తాతగారు అలివి వల లాగిన యిసుకమేర నేడు నీటిలో నున్నది. రేవులో పడిన యిసుక మా తీరమునకు రావలసినదే గదా? దాని నెవ్వరు తిరిగి యిత్తురు?”

ప్రశ్న న్యాయమైనది. దక్షిణమునుండి ఇసుక రాక నిలిచినను, ఉన్న యిసుకను కెరటములు ఉత్తరమునకు కొనిపోవుట మానవు. రాబడి తగ్గి వ్యయము తగ్గని యింటివలె తీరము క్షీణించును. అందువలన త్రవ్వితీసిన యిసుకను నీటితో కలిపి గొట్టములద్వారా తీరముమీదికి పంపుచుందురు. ఇది దానము కాదు, అప్పు తీర్చుట. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విరుచుకుపడి తీరపు బాటను కోసివేసినప్పుడు, ముందున్న యిసుకయే పట్టణమునకు మొదటి గోడయని యెల్లరకు తెలిసెను.

మధ్యాహ్నమునకు రామకృష్ణా బీచి చేరి, ఒడ్డున నిలిపిన కురుసుర జలాంతర్గామిని చూచి, నీడన కూర్చుండి తెచ్చుకొన్న పులిహోర భుజించితిమి. నడచినది సుమారు రెండు క్రోసులే. తిరిగి వచ్చునపుడు ఆ బాలుడు మెత్తని యిసుక నొక చిన్న పొట్లమున కట్టుకొని తెచ్చెను. అది మా విజ్ఞానశాస్త్రపు గదిలో నున్నది. దానిపై, “దక్షిణమునుండి వచ్చినది, ఉత్తరమునకు పోవలసినది” అని వాడే వ్రాసిపెట్టినాడు.