డాన్స్ పాటలో దాక్కున్న ఒంటరితనం: ఫ్రెడ్డీ మెర్క్యురీ ‘లివింగ్ ఆన్ మై ఓన్’ కథ

వెనకాల సుత్తి దెబ్బలు వినిపిస్తే ఏమీ అనుకోకండి. మా ఇల్లు వైజాగ్ ఆటోనగర్ పక్కనే. లారీ బాడీలు కట్టే షెడ్డులో పని మొదలైందంటే ఎంత మంచి మైక్ పెట్టినా లాభం లేదు.

ఈరోజు ఒక పాట గురించి మాట్లాడుకుందాం. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ జాబ్ చేసే రోజుల్లో అది నా జిమ్ ప్లేలిస్ట్‌లో ఉండేది. అదిరిపోయే బీట్. దాదాపు ఏడాది ఆ బీట్ మీద ట్రెడ్‌మిల్ పరిగెత్తాను కానీ, మాటలు మాత్రం ఒక్కసారీ సరిగా వినలేదు.

ఒక శుక్రవారం రాత్రి టీమ్ పార్టీ అయ్యాక పీజీకి వచ్చాను. అప్పటిదాకా అందరితో నవ్వుతూనే ఉన్నాను. రూమ్ తలుపు వేయగానే అంతా ఖాళీ. అమ్మ ఫోన్ చేసి "తిన్నావా నాన్నా?" అంటే "తిన్నానమ్మా, బాగున్నాను" అని పెట్టేశాను. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే అదే పాట వచ్చింది. ఆ రోజు మాటలు వినబడ్డాయి. ఏడుపొచ్చేంత ఒంటరితనం గురించి పాడుతున్నాడాయన!

పాడింది ఫ్రెడ్డీ మెర్క్యురీ. కాలేజ్ ఫెస్టుల్లో మనం బల్లలు కొడుతూ పాడే ‘వి విల్ రాక్ యూ’ ఉంది కదా, ఆ ‘క్వీన్’ బ్యాండ్ సింగర్. అసలు పేరు ఫరోఖ్ బల్సారా. 1946లో జాంజిబార్‌లో ఒక పార్సీ కుటుంబంలో పుట్టాడు. ఎనిమిదేళ్ళ వయసులో అమ్మానాన్నల్ని వదిలి, సముద్రం దాటి, మహారాష్ట్రలోని పంచగనిలో సెయింట్ పీటర్స్ స్కూల్ హాస్టల్‌కి వచ్చాడు. ఫ్రెడ్డీ అన్న పేరు అక్కడి స్నేహితులు పిలిచిందే. ‘ది హెక్టిక్స్’ అని తొలి బ్యాండ్ కూడా అక్కడే.

ఆ హాస్టల్ వల్లే ఈ పాట పుట్టిందని నేననను. కానీ చిన్నప్పుడే హాస్టల్‌లో పడ్డవాళ్ళకి ఒక విద్య వస్తుంది: లోపల ఏముందో బయటికి కనబడనివ్వకపోవడం. ఇంటర్ హాస్టల్లో ఉన్నవాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు 1985కి వద్దాం. ఏప్రిల్‌లో ఫ్రెడ్డీ తొలి సోలో ఆల్బమ్ ‘మిస్టర్ బ్యాడ్ గై’ వచ్చింది. జర్మనీలోని మ్యూనిక్‌లో రికార్డు చేశారు. ఈ పాట అందులోదే. జూలై 13న లైవ్ ఎయిడ్. లండన్ వెంబ్లీ స్టేడియంలో దాదాపు 72 వేల మంది ఆయన చెయ్యి ఊపితే ఊగారు. ఆ తర్వాత రెండు నెలలు కూడా కాకుండానే మ్యూనిక్ క్లబ్‌లో తన 39వ పుట్టినరోజు పార్టీ. అందరూ నలుపు తెలుపు వేషాల్లో వచ్చారు. ఆ పార్టీలో తీసిన దృశ్యాలే ఈ పాట వీడియో అయ్యాయి.

ఒక్కసారి ఆలోచించండి. ఒంటరితనం పాటకి మనమైతే ఏం పెడతాం? వాన, కిటికీ, ఒక కుర్చీ. ఈయన నిండు పార్టీని పెట్టాడు. ఎందుకంటే ఆయన ఒంటరితనం అలాంటిదే. చుట్టూ ఎంతమంది చూసుకునేవాళ్ళున్నా చివరికి అందరూ వెళ్ళిపోతారని, హోటల్ గదిలో మిగిలేది తనొక్కడేనని ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు.

పాటలో ఇంకో విషయం గమనించండి. మధ్యలో మాటలు ఆపేసి, మన ‘తందనాన’ లాగా అర్థం లేని అక్షరాలతో గొంతు ఆడిస్తాడు. దీన్ని స్కాట్ సింగింగ్ అంటారు. వినడానికి సరదాగా ఉంటుంది. నాకు మాత్రం బాధని సరదాతో కప్పేస్తున్నట్టే అనిపిస్తుంది. చివరికి ఎప్పటికైనా మంచి రోజులొస్తాయేమోనన్న ఆశ మిగులుతుంది.

సింగిల్‌గా రిలీజైతే బ్రిటన్ చార్టులో 50వ స్థానం దగ్గరే ఆగిపోయింది. 1991 నవంబర్ 23న తనకి ఎయిడ్స్ ఉందని ఫ్రెడ్డీ ప్రపంచానికి చెప్పాడు. మర్నాడే చనిపోయాడు. వయసు 45. 1993లో ‘నో మోర్ బ్రదర్స్’ అనే టీమ్ ఈ పాటకి కొత్త డాన్స్ బీట్ వేసి రీమిక్స్ చేస్తే, ఆగస్టులో బ్రిటన్ నంబర్ 1 అయింది. నా జిమ్‌లో మోగింది ఆ వెర్షనే. సోలోగా ఆయనకి బ్రిటన్‌లో అదే తొలి నంబర్ 1. చూడ్డానికి ఆయన లేడు. క్లబ్బుల్లో జనం దాని మీద ఎగిరారు, నేను ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తినట్టే.

అందుకే మన వాట్సాప్ గ్రూపులో అందరికంటే ఎక్కువ మీమ్స్ పెట్టి నవ్వించేవాడు ఒకడుంటాడు చూడండి, వాడికి ఒకసారి విడిగా ఫోన్ చెయ్యండి. "బాగున్నాను" అని పెట్టేయబోతే, ఇంకో రెండు నిమిషాలు లైన్‌లో ఉండండి. ఆ రాత్రి నేను పెట్టేశాక మా అమ్మ మళ్ళీ చేసింది. "గొంతు అదోలా ఉందేంట్రా?" అంది. గంటసేపు మాట్లాడుకున్నాం.

ఈరోజుకి ఇంతే. షెడ్డులో టీ బ్రేక్ అయిపోయినట్టుంది, మళ్ళీ సుత్తి మొదలైంది. ఉంటాను ఫ్రెండ్స్.