వరాఛాలో విందు: అతిథులు తెలుసుకోవలసిన మర్యాదలు

విజయవాడ, వరంగల్ మీదుగా నడిచే నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో సూరత్ చేరే తెలుగువారిలో చీరల వ్యాపారులు, మరమగ్గాల కార్మికులు, వారి బంధువులు ఉంటారు. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లలో పని ముగించుకొని, రైల్వే స్టేషను అవతలనున్న వరాఛాకు భోజనానికి వెళ్లేవారూ ఉన్నారు. ‘సూరత్‌లో భోజనం, కాశీలో మరణం’ అని గుజరాతీ సామెత. అయితే వరాఛా వంట అచ్చమైన సూరత్ వంట కాదు. వజ్రాలకు సానపట్టే పనికై భావ్‌నగర్, అమ్రేలీ ప్రాంతాల నుంచి తరలివచ్చిన సౌరాష్ట్ర కుటుంబాలతో ఈ పేట నిండింది. కాఠియావాడ్ వంటయిల్లు కూడా వారి వెంటే వచ్చింది.

గుజరాతీ వంటలన్నీ తియ్యగా ఉంటాయన్న అపోహ ఇక్కడ తొలి ముద్దతోనే తొలగిపోతుంది. మందపాటి సజ్జ రొట్టెను ‘రోట్లో’ అంటారు. దానికి వెన్న, బెల్లం, కాల్చిన వంకాయతో చేసిన ‘ఓళో’, వెల్లుల్లి కారం పట్టించిన బంగాళాదుంపల కూర, సేవ్ వేసిన టమాటా కూర తోడవుతాయి. అన్నం కోసం తొందరపడకూడదు. రొట్టెలు ముగిశాకే కిచిడీ, కఢీ వస్తాయి. మనకు మజ్జిగ భోజనానికి ముగింపు. వారికి ‘ఛాస్’ మొదటి ముద్ద నుంచీ గ్లాసులో పక్కనే ఉండవలసిన పానీయం. దానిని అన్నంలో కలుపుకొంటే ఎవరూ తప్పుపట్టరు గాని, వడ్డించేవారు ఒక్క క్షణం ఆగి చూడవచ్చు.

ఇళ్లలో విందుకు పిలిచినప్పుడు అసలు పరీక్ష ‘మనవార్’. అంటే కొసరి కొసరి వడ్డించడం. ఒకసారి వద్దంటే మొహమాటమని భావిస్తారు. ఆకలి తీరకముందే, ఇంకొక రొట్టెకు చోటుండగానే వద్దనడం మొదలుపెట్టడం మేలు. తుదకు కంచంపై చేయి అడ్డుపెట్టవలసి వస్తుంది. కంచంలో వదిలేయడం మాత్రం వద్దనడం కంటే పెద్ద అమర్యాద.

వరాఛాలో స్వామినారాయణ సంప్రదాయాన్ని పాటించే కుటుంబాలు అనేకం. నిష్ఠగా ఉండేవారు ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. ఏకాదశినాడు ధాన్యం మాని సగ్గుబియ్యం, బంగాళాదుంప వంటి ఫలాహారం తీసుకొంటారు. జైనులు దుంపలను సైతం తినరు. తెలుగు ఇంటి సంచిలో రొయ్యల పచ్చడి ఉండటం సహజమే. కాని శాకాహారుల ఇంట బస చేసినప్పుడు ఆ సీసా మూత తీయకపోవడమే ఆతిథ్యానికి ఇచ్చే గౌరవం.

మరొక సీసా విషయంలో పొరపాటు మర్యాదతో ఆగదు, కేసు వరకు వెళుతుంది. గుజరాత్‌లో మద్యనిషేధం ఉంది. 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టాన్ని 1960 మే 1న ఏర్పడిన రాష్ట్రం కొనసాగించింది. ఆంధ్రప్రదేశ్‌లో 1995లో విధించిన సంపూర్ణ నిషేధాన్ని 1997లో సడలించారు; గుజరాత్‌లో ఆ చట్టం నేటికీ అమలులో ఉంది. ఇతర రాష్ట్రాల సందర్శకులు తాత్కాలిక అనుమతిపత్రం పొంది, అధీకృత దుకాణంలో మాత్రమే కొనవచ్చు. స్వస్థలంలోనో, దక్షిణాన ఉన్న దమణ్‌లోనో చట్టబద్ధంగా కొన్న సీసా అయినా, అనుమతి లేకుండా గుజరాత్‌లోకి తెస్తే నేరమే. రసీదు ఉన్నదన్న వాదన చెల్లదు.

వీధి మర్యాదలు ఇంత కఠినం కావు. మినీ బజార్‌లో వజ్రాల దళారులు చిన్న కాగితపు పొట్లాలు విప్పి నిలుచునే బేరాలాడుతారు. ఆ బేరాల నడుమ చిన్న కప్పులలో చాయ్ తిరుగుతూనే ఉంటుంది; కనీసం ఒక గుక్క స్వీకరించడం మర్యాద. ఎండవేళ చల్లని, చిక్కని ‘కోకో’ సూరత్ ప్రత్యేకత. శీతాకాలంలో ఉంధియు, లేత జొన్న గింజల ‘పోంక్’ దొరుకుతాయి. 1994లో ప్లేగు భయంతో జనం విడిచి పారిపోయిన నగరం ఇదే. మరుసటి ఏడాది నగర కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్.రావు పారిశుధ్యాన్ని చక్కదిద్దే క్రమంలో హోటళ్లపైనా కఠినంగా వ్యవహరించారు.

దీపావళికి వెళ్లేవారు ఒక సంగతి గమనించాలి. ఆ సెలవులలో వజ్రాల కార్ఖానాలు మూతపడి, కార్మికులు సౌరాష్ట్రలోని సొంతూళ్లకు వెళతారు. వరాఛా వీధులు బోసిపోతాయి. పండుగ విందు ఆశించి వచ్చిన అతిథికి ఆ రోజుల్లో పలు భోజనశాలల తలుపులు మూసే కనిపిస్తాయి.